జమిడిక పట్టిన చెయ్యి
(జగిత్యాల సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



నాకంటే ముందు చదివిన పేర్లు మీరంతా విన్నారు. కోరుట్ల వైపువి కొన్ని, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళవి కొన్ని, సిరిసిల్ల, వేములవాడ వైపువి కొన్ని. స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఒక పెద్దాయన పేరు మీద ఉంటుంది. వేదిక మీద ఆయన ఫొటో, ఫొటోకు దండ, పక్కన దీపం. ఇవాళ్టిది ఏ ఒక్కరి పేరు మీదా లేదు. జమిడిక, డోలు, తాళం, డక్కీ, హార్మోనియం పట్టుకొని ఇంకొకరి పాట వెనుక జన్మంతా నిలబడి వెళ్ళిపోయినవాళ్ళందరి పేరు మీద ఉంది.

ఆ జాబితా రాసి తెచ్చింది వాళ్ళ ఇండ్లవాళ్ళే. చదువుతున్నప్పుడు ఒక సంగతి మీ చెవిన పడే ఉంటుంది. సగానికి పైగా పేర్ల పక్కన "ఫలానా ఆయన మేళంల వాయించేది" అని ఉంది. సొంత తండ్రి గురించి రాస్తున్న కొడుకు కూడా ఇంకో మనిషి పేరు జోడిస్తే తప్ప ఎవరూ గుర్తుపట్టరనుకున్నాడు. ఆ కొడుకును తప్పు పట్టను. అలా అనుకునేట్టు చేసిందెవరు అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది.

మొదట చెప్పబోయే మనిషి మన జిల్లా వాడు కాదు, మన దేశం వాడూ కాదు. కాస్త ఓపిక పట్టండి, తిరిగి కోరుట్ల తోవకే వస్తాను.

అమెరికాలో కంట్రీ అనే పాటల సంప్రదాయం ఒకటి ఉంది. పల్లెటూళ్ళ పాట, చర్చి పాట, తాగుబోతు పాట, విడిపోయిన ఆలుమగల పాట అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఆ సంప్రదాయంలో హాంక్ విలియమ్స్ పేరు వినని ఇల్లు అక్కడ ఉండదు. 1953 జనవరి 1న, 29 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన రికార్డులు ఏవి పెట్టినా, గొంతు ఆగిన చోట ఇంకో గొంతు లేస్తుంది. మాట ఉండదు, ఏడుపు మాత్రం ఉంటుంది. అది స్టీల్ గిటారు. ఆ రికార్డుల్లో చాలా వాటికి దాన్ని వాయించినవాడు డాన్ హెల్మ్స్. హాంక్ పోయాక ఇంకో 55 ఏళ్ళు బతికి, 2008లో కన్నుమూశాడు. పాట విని కళ్ళు తుడుచుకున్న లక్షల మందిలో ఆయన పేరు చెప్పగలిగినవాళ్ళు ఎందరుంటారు? ఆ వాద్యం మీద పిచ్చి ఉన్నవాళ్ళకు, తోటి వాద్యగాళ్ళకు తెలుసు. మిగతావాళ్ళకు అది హాంక్ విలియమ్స్ పాట, అంతే.

స్టీల్ గిటారు చూడనివాళ్ళకు రెండు మాటలు. గిటారును ఒళ్ళోనో, కాళ్ళున్న బల్ల మీదో వెల్లకిలా పెడతారు. ఎడమచేతిలో ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని తీగల మీద జార్చుతూ కుడిచేత్తో మీటుతారు. మెట్లు చూసి నొక్కే పని లేదు కాబట్టి స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతదు, జారుతుంది. పుట్టింది హవాయి దీవుల్లో, 19వ శతాబ్దం చివర. జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు కనిపెట్టాడని చెప్తారు.   

నాకు కావలసింది 1954 నాటి ఒక పాట. పాడినవాడు వెబ్ పియర్స్, పాట పేరు స్లోలీ. స్టీల్ గిటారు వాయించినవాడు బడ్ ఐజక్స్. అప్పటికే కొన్ని గిటార్లకు కాలితో తొక్కే పెడళ్ళు ఉన్నాయి. తొక్కితే తీగ బిగుస్తుంది, స్వరం మారుతుంది. ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికి వాటిని వాడేవారు. ఐజక్స్ చేసిందేమిటంటే, తీగ మోగుతుండగానే తొక్కాడు. రెండు మూడు తీగలు కలిసి మోగుతుంటే వాటిలో ఒకటి మాత్రం కదిలి పైకి పోతుంది, మిగతావి నిలబడి ఉంటాయి. ఆ పాట బయటికి రాగానే మిగతా స్టీల్ గిటారు వాళ్ళు తమ గిటార్లకు పెడళ్ళు బిగించుకోవడానికి పరుగులు తీశారు. ఆ సంప్రదాయం చప్పుడే మారిపోయింది. డిస్కు మీద ఉన్న పేరు మాత్రం వెబ్ పియర్స్ ది.

మోగుతున్న తీగను బిగించి స్వరాన్ని ఏడిపించడం. దీన్ని గుర్తు పెట్టుకొని నాతో కోరుట్ల రండి.

జమిడిక ఈ సభలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పిల్లల కోసం చెప్తాను. కుంచం ఆకారంలో ఒక గొట్టం, చెక్కదో ఇత్తడిదో. ఒకవైపు మేకతోలు మూస్తారు, రెండోవైపు తెరిచే ఉంటుంది. తోలు నడుమ చిన్న చిల్లి చేసి, దాంట్లోంచి నరం తీసి, ఆ నరం రెండో కొసను ఒక చిన్న చెక్కముక్కకు కడతారు. గొట్టాన్ని ఎడమ చంకలో ఇరికించి, ఎడమచేత్తో ఆ చెక్కముక్కను పట్టి లాగుతారు. కుడిచేతిలో పుల్లతో నరాన్ని మీటుతారు. లాగితే స్వరం పైకి, వదిలితే కిందికి. మెట్లు లేవు, బిరడాలు లేవు. ఆ ఎడమచెయ్యే మెట్టు, ఆ ఎడమచెయ్యే బిరడా. ఐజక్స్ కాలితో చేసిన పనిని, ఎల్లమ్మ కథ చెప్పే మన బైండ్లవాళ్ళ తాతలు పిడికిలితో చేస్తూనే ఉన్నారు. ఉత్తరాంధ్రలో దీన్నే జముకు అంటారు. కర్ణాటకలో సవదత్తి ఎల్లమ్మ జోగతుల చేతుల్లో ఉండే చౌడికె కూడా ఈ ఇంటిదే. ఎల్లమ్మ ఎంత దూరం పోయిందో ఈ నరం కూడా అంత దూరం పోయింది.

కోరుట్ల దగ్గరి ఒక పల్లెలో జమిడిక వాయించే ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాను. ఎల్లమ్మ పట్నం వేసే రోజు, వాన వెలిసి ఇంకా మబ్బుగా ఉంది. ఆయన జమిడిక తోలును పొయ్యి సెగకు చూపిస్తూ, మధ్యమధ్య బొటనవేలితో తట్టి వింటున్నాడు. తడి గాలికి తోలు జారిపోతుంది, నరం ఎంత లాగినా మాట వినదు. మరీ దగ్గర పెడితే తోలు పగులుతుంది. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత దూరంలో తిప్పుతున్నాడు. నరం మీద వేలు జార్చి, పోగులు లేచాయేమో చూసుకున్నాడు. నేను చదువుకున్నవాడి ప్రశ్నే వేశాను.

"తాతా, శ్రుతి దేన్ని బట్టి పెడ్తవు?"

"శ్రుతి నా తాన ఉండది సారు. కథ చెప్పెటాయన గొంతుల ఉంటది. ఇయ్యాల ఆయనకు పడిశం వట్టింది. ఇగ నాక్కూడ పడిశమే."

పక్కనే ఉన్న కథకుడు నవ్వాడు. నిజంగానే ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. ఆ రాత్రి కథ మొదలయ్యాక ఆ ఎడమచేతినే చూస్తూ కూర్చున్నాను. కథకుడు వచనంలో చెప్పుకుపోతున్నంతసేపూ నరం కింద ఎక్కడో ఒక్క తీరుగా నడుస్తున్నది. మాట ముగిసే చోట ఒక చిన్న లాగుడు, ఔనన్నట్టు. రేణుక తల మీదికి పరశురాముడు గొడ్డలి ఎత్తే ఘట్టం వచ్చింది. కథకుడు రాగం ఎత్తుకున్నాడు. బొంగురు గొంతు పై స్థాయికి పోలేక ఒకచోట తెగింది. తెగిన చోటునుంచి జమిడిక అందుకున్నది. ఎక్కడికి పోవాలనుకున్నాడో అక్కడికి తీసుకుపోయి, నెమ్మదిగా దించి, మళ్ళీ ఆయన గొంతు దగ్గర వదిలిపెట్టింది. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు ఊళ్ళో అందరూ చెప్పుకున్నది కథకుడు ఎంత బాగా ఏడిపించాడో అని. ఆయన ఏడిపించలేదని నేననను. ఆ ఒక్క ఘడియ మాత్రం ఏడిపించింది ఆయన కాదు.

పక్కవాద్యం పని ఏమిటని అడిగితే చాలామంది "పాటకు అందం తేవడం" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. రాత్రంతా సాగే కథలో కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి, తర్వాతి ఘట్టం జ్ఞాపకం తెచ్చుకునే వ్యవధి కావాలి, జనం మనసు ఎటు ఉందో చూసుకునే వ్యవధి కావాలి. ఆ వ్యవధిని ఇచ్చేవాడు వాద్యగాడు. ఆ వ్యవధిలో కథ ఆగినట్టు జనానికి తెలియకుండా చూసేదీ ఆయనే. డాన్ హెల్మ్స్ మూడు నిమిషాల పాటలో చేసింది, మన తాత తెల్లవార్లూ చేశాడు.

ఇప్పుడు ఒగ్గు కథకు వద్దాం. సిరిసిల్ల జిల్లా పేరెత్తితే చెప్పుకోక తప్పని ఊరు హన్మాజీపేట. వేములవాడ దగ్గర. కవి సినారె పుట్టిన ఊరు, ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు ఊరు. ఒక్క ఊరి నుంచి ఒకరు పుస్తకంలోకి, ఇంకొకరు జాతరలోకి పోయారు. మిద్దె రాములు 2010లో వెళ్ళిపోయాడు. జనగామ వైపు చుక్క సత్తయ్య, 2004లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నవాడు, 2017లో వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ మహానుభావులు. వాళ్ళ గురించి పుస్తకాలు, వ్యాసాలు వచ్చాయి, ఇంకా రావాలి కూడా.

ఒగ్గు కథ చూసినవాళ్ళు ఒక్కసారి కళ్ళు మూసుకొని గుర్తు చేసుకోండి. కథకుడు ఒక్కడే చెప్తాడా? మల్లన్న కథ గానీ, బీరప్ప కథ గానీ, ఎల్లమ్మ కథ గానీ, పక్కనున్న మనిషిని పిలవకుండా ఒక్క ఘట్టం నడవదు. పేరు పెట్టి పిలుస్తాడు. "ఏమయ్యా, ఇన్నవా?" అంటాడు. ఆయన "ఇంటున్న, అటెన్క ఏమాయె?" అంటాడు. మనకు అడగాలనిపించినది ఆయన అడుగుతాడు, మనకు వచ్చిన అనుమానం ఆయనకు వస్తుంది, మనం నవ్వబోయే చోట ఆయన ముందే నవ్వుతాడు. వెనుక డోలాయన దరువు మార్చాడంటే రాజు వేషం వచ్చిందని, యుద్ధం వచ్చిందని, పెండ్లి వచ్చిందని తెలుస్తుంది. కథకుడు ఆడుతూ ఆడుతూ డోలు వైపు తిరిగి ఒక మాట విసిరితే డోలు జవాబు చెప్తుంది. తెల్లవారేసరికి ఊళ్ళో పిల్లలకు కూడా డోలాయన పేరు, తాళం ఆయన పేరు నోటికొచ్చేస్తాయి. కథలోని రాజుల పేర్ల కంటే ముందు వాళ్ళ పేర్లే వస్తాయి.

అంటే కథ వాళ్ళను మరవలేదు. కథ వాళ్ళకు పేరిచ్చింది, మాటిచ్చింది, జనం ముందు చోటిచ్చింది. మరిచింది కాగితం. కరపత్రం, క్యాసెట్ అట్ట, పేపర్ వార్త, సన్మానపత్రం, మనలాంటివాళ్ళు రాసిన వ్యాసం, వీటన్నింటిలోనూ కథకుడి పేరు, తర్వాత "బృందం". నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. జానపద కళలో పక్కవాద్యగాడికి విలువ లేదని మనం తేలిగ్గా అనేస్తాం. అది నిజం కాదు. విలువ లేకుండా చేసింది దాన్ని రాసుకున్నవాళ్ళు.

కంట్రీ పాటల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. బాబ్ విల్స్ అనే బ్యాండు నాయకుడు రికార్డు మధ్యలోనే తన వాద్యగాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు. స్టీల్ గిటారు లియాన్ మెకాలిఫ్ ది. ఆయన వంతు రాగానే, ఇక నువ్వందుకో లియాన్ అని కేకేసేవాడు. ఆ కేక డిస్కులో అచ్చయిపోయింది కాబట్టి లియాన్ పేరు నిలిచింది. మన ఒగ్గు కథకుడు వేసే కేక అలాంటిదే. కాకపోతే క్యాసెట్ వాళ్ళు రాత్రంతా సాగే కథను గంటలో, రెండు వైపులా సరిపెట్టాలని కోత పెట్టినప్పుడు ముందు కత్తిరించింది ఆ సంభాషణనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది ప్రధాన కథకుడి మీద ఫిర్యాదు కాదు. ఆయనా పూట గడవని మనిషే. మిరాశి ఊళ్ళు, అంటే కథ చెప్పే హక్కున్న ఊళ్ళు, ఇంటి పెద్ద పేరు మీద ఉంటాయి, ఊరు ఇచ్చే త్యాగం, అంటే కట్నం, ఆయన చేతికే వస్తుంది, పంచిపెట్టేదీ ఆయనే. వెనుక వాయించేది తమ్ముడో, బావమరిదో, కొడుకో అయి ఉంటాడు. ఇంట్లో లెక్క ఇంట్లోనే తేలుతుంది. బయటివాళ్ళం మనం వెళ్ళి "పెద్ద కళాకారుడు ఎవరు?" అని అడుగుతాం. ఒక్కరినే అడుగుతాం కాబట్టి ఒక్క పేరే చెప్తారు.

దీని కింద కులం కూడా ఉంది, దాటవేసి లాభం లేదు. తోలు ముట్టే పని, నరం పేనే పని, డప్పు కొట్టే పని, వీటిని ఊరు కళగా లెక్కపెట్టలేదు, కులవృత్తిగా లెక్కపెట్టింది. కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేటప్పుడు చాకలికి ఇంత, మంగలికి ఇంత, డప్పుకు ఇంత అన్నారు తప్ప, బాగా కొట్టేవాడికి ఎక్కువ అనలేదు. పనిగా చూసినదానికి పేరు రాయరు. 1978 సెప్టెంబరు 7న ఇదే జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ కాలం పాటలు రాసినవాళ్ళ పేర్లు, పాడినవాళ్ళ పేర్లు మనకు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ పాటల కింద నడిచిన డప్పు ఎవరి చేతిదో వెతకండి. సమానత్వం గురించి పాడిన పాటల చరిత్రలో కూడా ఆ వరస తిరగబడలేదు.

ఇదేదో పల్లె కళల జబ్బు మాత్రమే అనుకోకండి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఒక మృదంగ విద్వాంసుడికి మొదటిసారి ఇచ్చింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ కు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ కు 1941లోనే ఆ గౌరవం దక్కింది. తోలు వాద్యం ఇంకో 25 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. పట్టు పంచెలు, తంబురాలు ఉన్న వేదిక మీద కూడా తోలుకు ఆలస్యమే.

మన రాష్ట్రంలో ఈ మధ్య పద్మశ్రీలు అందుకున్న జానపద వాద్యకారుల్లో ఇద్దరిని చూడండి. 2022లో కిన్నెర మొగిలయ్య. 2024లో నారాయణపేట జిల్లా నుంచి బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప. చాలా సంతోషించాల్సిన విషయం. ఐతే ఇద్దరూ తామే వాయిస్తూ తామే పాడేవాళ్ళు. ముందూ వాళ్ళే, వెనుకా వాళ్ళే. నాకు తెలిసినంతలో, పూర్తిగా వెనుకనే నిలబడ్డ మనిషి ఇంకా ఆ వరసలోకి రాలేదు.

సిరిసిల్ల సంగతి ఇంకో రకం. అక్కడ సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళకు పద్మశాలీల ఇంటి కథలు తెలుసు. మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పడానికి కూనపులివాళ్ళు పటం తెచ్చేవారు. పటం చేర్యాల నకాషీ చిత్రకారులు వేసింది. పైనుంచి చుట్ట విప్పుకుంటూ, పుల్లతో బొమ్మ చూపిస్తూ పెద్దాయన కథ చెప్తాడు. పటం వేసిన చేతికి ఇవాళ దేశమంతా పేరుంది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మ్యూజియంలోకి పోయింది, డ్రాయింగు రూముల్లో గోడ ఎక్కింది. పుల్ల పట్టిన పెద్దాయన ఫొటో కూడా అక్కడక్కడా ఉంటుంది. పటం వెనుక కూర్చున్న హార్మోనియం ఆయన, తాళాల ఆయన ఆ ఫొటోల్లో ఉండరు. పటం మరీ పెద్దది, వాళ్ళను కప్పేస్తుంది. ఇది నేను మాట వరసకు అనడం లేదు, ఆ ఫొటోలు తీసి చూడండి.

బలగం సినిమా గురించి అడుగుతారని తెలుసు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసినది, 2023 మార్చిలో వచ్చింది. ఊళ్ళల్లో తెరలు కట్టుకొని చూశారు, చూసి విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని పేపర్లలో చదివాం. ఆఖరి ఘట్టంలో కథ చెప్పిన బుడగజంగాల ఆలుమగలు కొమురమ్మ, మొగిలయ్య. ఆ ఇద్దరి పేర్లు రాష్ట్రం మొత్తానికి తెలిశాయి. 2024 డిసెంబరులో ఈ మొగిలయ్య చనిపోతే అది వార్త అయింది. సినిమా ఏం మంచి చేసిందంటే, ఇద్దరినీ తెర మీద కూర్చోబెట్టింది. చెప్పేవాళ్ళను, అందుకునేవాళ్ళను ఒకే చట్రంలో చూపించింది. కెమెరా కాస్త వెనక్కి జరిగితే చాలు, సగం అన్యాయం తగ్గుతుంది.

దానికి విరుద్ధంగా జరుగుతున్నది కూడా మన కళ్ళ ముందే ఉంది. ఇవాళ కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి యూట్యూబ్ లో వచ్చే జానపద పాటలకు కోట్లలో వీక్షణలు. పాట మొదట్లో పేర్లు వేస్తారు. రచన, గానం, సంగీతం, నటీనటులు, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్, పోస్టర్. డ్రోన్ ఎగరేసిన కుర్రవాడి పేరు వేయడం నాకు ఇష్టమే, వెయ్యాలి. కానీ పాటంతా మోగిన డప్పు ఎవరిది? చాలాసార్లు ఎవరిదీ కాదు. ఎప్పుడో ఎవరో కొట్టింది కంప్యూటర్ లో దాచి ఉంటుంది, ప్యాడ్ మీద వేలు పెడితే మోగుతుంది. ఆ మొదటి దెబ్బ కొట్టినవాడికి తన డప్పు ఇన్ని పాటల్లో మోగుతున్నట్టు కూడా తెలియదు. జమిడికకు ఇంకా ఆ గతి పూర్తిగా పట్టలేదు. కారణం దాని గొప్పతనం కాదు, దాని మొండితనం. డప్పు దెబ్బను ముక్కలుగా కోసి దాచవచ్చు. జారే నరాన్ని ఎక్కడ కోస్తారు? ప్రతి లాగుడూ ముందున్న గొంతును బట్టి ఉంటుంది. గొంతు మారితే ఆ లాగుడు పనికిరాదు.

అలా అని నిశ్చింతగా ఉండలేం. కోరుట్ల, మెట్‌పల్లి వైపు మేళాల్లో వాయించే ఈడు పిల్లలు దుబాయికి, మస్కట్ కు పోయారు. ఉన్నవాళ్ళు మేస్త్రీ పనికి పోతున్నారు. మేళంలో ముందు ఖాళీ అయ్యేది వెనుక చోటే. కథకుడు ఎట్లాగో ఇద్దరితో నెట్టుకొస్తాడు, తర్వాత రికార్డు పెట్టి చెప్తాడు. జమిడిక లేని ఎల్లమ్మ కథ నేను విన్నాను. కథకుడు మంచివాడే. కానీ ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా కథ కూడా ఆగింది. అక్కడ జనం ఫోన్లు తీశారు.

ఇక్కడ జానపద విభాగాల్లో పరిశోధన చేస్తున్న పిల్లలు కొందరు కనిపిస్తున్నారు. వాళ్ళతో కొంచెం పని మాట్లాడతాను. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ఊరూరా తిరిగి జానపద, గిరిజన వాద్యాలను సేకరించి మూలధ్వని పేరుతో ప్రదర్శించారు. వాద్యాలకు ఆ పని జరిగింది. దాని పక్కనే వాయించేవాళ్ళ పట్టిక మీరు తయారుచేయవచ్చు. మేళం దగ్గరికి పోయినప్పుడు కథకుడితో మొదలుపెట్టకండి. ఆయన మాట్లాడితే మిగతావాళ్ళు మాట్లాడరు, అది మర్యాద. ముందురోజు పోయి తోలు ఆరబెట్టేవాడి దగ్గర, నరం పేనేవాడి దగ్గర కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నావు, మొదట ఎవరి వెనుక వాయించావు, ఎవరి గొంతు కష్టం, ఎవరి గొంతు సుఖం అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో కథకుల చరిత్ర కూడా దొరుకుతుంది. వాళ్ళ గొంతులను దగ్గరగా విన్నవాడు అతనే.

రికార్డు చేసేటప్పుడు ఒగ్గు కథలోని సంభాషణ కోసెయ్యకండి. అందులోనే పేర్లున్నాయి. మైకు ఒక్కటే ఉంటే ఇద్దరి నడుమ పెట్టండి. ఫొటో కింద రాసేటప్పుడు ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ రాయండి. రాజకీయ నాయకుల ఫొటోలకు రాస్తాం కదా, ఇక్కడ ఎందుకు రాయం? కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు నువ్వు కళాకారుడివని రుజువేమిటని అడుగుతారు. పేపర్ ముక్క, కరపత్రం, సర్టిఫికెట్. కథకుడి దగ్గర సంచి నిండా ఉంటాయి. డోలాయన దగ్గర భుజం మీద డోలు తాడు ఒరిసిన మచ్చ ఉంటుంది, దాన్ని జిరాక్స్ తీయలేరు. మీరు రాసే ఒక్క వాక్యం ఆయనకు రుజువు కాగితం అవుతుంది.

ఇవాళ చదివిన జాబితా అచ్చు వేసేటప్పుడు ఒక మార్పు చేయమని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. "ఫలానా ఆయన మేళంల వాయించేది" అన్నచోట, ఏం వాయించారో ముందు రాస్తారు. ఎవరి మేళమో తర్వాత రాస్తారు. పేర్లు రానివాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు. బయట బల్ల మీద నోటుబుక్కు ఉంది. మీ ఇంట్లోవాళ్ళు గానీ, మీ ఊరి జాతరలో చిన్నప్పుడు చూసినవాళ్ళు గానీ గుర్తుకొస్తే రాసి వెళ్ళండి. ఇంటిపేరు తెలియకపోతే ఊరి పేరు రాయండి, చాలు.

ఎల్లమ్మ కథ చెప్పే మేళం వచ్చి చాలాసేపైంది. మైకాయనకు ఒక్క మాట. ఆ పొడుగు మైకు కథకుడికి ఇవ్వండి. ఈ చేతి మైకు అటు ఎడమవైపు, జమిడిక గొట్టం తెరిచి ఉన్నదిక్కు పెట్టండి. తోలు దిక్కు కాదు.